కీళ్లవాత రోగుల్లో దద్దుర్లు: కారణం ఎందుకు తేలడం లేదు?

రుమటాయిడ్ ఆర్థరైటిస్, సోరియాటిక్ ఆర్థరైటిస్, లూపస్ వంటి ఆటోఇమ్యూన్ కీళ్లవాతాలకు (ఒంటి రోగనిరోధక శక్తే ఒంటిమీద తిరగబడే జబ్బులకు) ఏళ్ల తరబడి మందులు వాడుతున్నవారి ఒంటిమీద ఉన్నట్టుండి దద్దుర్లో, మచ్చలో, పొక్కులో కనబడితే ఇంట్లో వినిపించే మాట సాధారణంగా రెండింట్లో ఒకటి: వేడి చేసింది, లేదంటే మందు పడలేదు. మొదటి మాట నమ్మినవారు మజ్జిగ, సబ్జా నీళ్లు తాగి ఊరుకుంటారు. రెండో మాట నమ్మినవారు కీళ్లకు వాడుతున్న మాత్రలన్నింటినీ ఒక్కసారిగా ఆపేస్తారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఈ రెండూ మామూలే, రెండింటివల్లా నష్టమే. చర్మం మీద కనబడినది ప్రాణాపాయానికి తొలి గుర్తు అయినప్పుడు మొదటివారు విలువైన రోజులు పోగొట్టుకుంటారు. మందుతో సంబంధమే లేని మచ్చకు మందును తప్పుపట్టిన రెండోవారికి కీళ్లలో అణగి ఉన్న వాపు మళ్లీ రేగి, వేళ్లు వంకర్లు పోయేదాకా వస్తుంది.

కారణం తెలియని దద్దుర్లు అని చీటీలో రాసి ఉన్నంత మాత్రాన కారణం లేదని కాదు. అది దొరక్కపోవడానికి అన్నిటికంటే పెద్ద అడ్డంకి, దద్దురు ఏ రోజు ఏ వేళకు వచ్చింది, ఎంతసేపు ఉంది, దానికి ముందు ఏ కొత్త మందు మొదలైంది, జ్వరం తోడుగా వచ్చిందా, ఎండలో తిరిగిన రోజా కాదా అన్న వివరాలు ఎక్కడా నమోదు కాకపోవడం. ఈ రోగుల్లో చర్మాన్ని చూసి పేరు పెట్టడం కంటే తేదీలు చూసి కారణాన్ని పట్టుకోవడమే ఎక్కువసార్లు ఫలిస్తుంది.

రెండో అడ్డంకి చర్మపు రంగు. వైద్య గ్రంథాల్లో ఎర్రని మచ్చలు అని వర్ణించినవన్నీ చాలావరకు తెల్లని చర్మం మీద చూసి రాసినవి. చామనఛాయ మీద, నల్లని ఒంటిమీద అదే వాపు ఊదారంగులోనో, ముదురు గోధుమ రంగులోనో కనిపిస్తుంది. కొన్నిసార్లు చుట్టూ ఉన్న చర్మం కంటే ఒక పిసరు నలుపుగా మాత్రమే ఉంటుంది. అలాంటప్పుడు కంటికంటే చెయ్యే నమ్మకమైనది. తాకితే వెచ్చగా, కొంచెం ఉబ్బుగా తెలుస్తుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. మన చర్మం మీద ఏ వాపు తగ్గినా ఆ చోట నల్లమచ్చ నెలల తరబడి మిగిలిపోతుంది. ఆ నలుపు జబ్బు ఇంకా ఉందనడానికి గుర్తు కాదు. దాన్ని చూసి మందు మోతాదు పెంచడం, పూతమందులు మార్చి మార్చి రాయడం అనవసరం.

సాయంత్రం వచ్చి తెల్లవారేసరికి పోయేవి

కాలక్రమం ఎంత ముఖ్యమో స్టిల్స్ వ్యాధిలో స్పష్టంగా తెలుస్తుంది. 1897లో జార్జ్ స్టిల్ అనే బ్రిటిష్ వైద్యుడు పిల్లల్లో వచ్చే ఒక రకం కీళ్లవాతాన్ని వర్ణించారు. అదే జబ్బు పెద్దవాళ్లకూ వస్తుందని 1971లో ఎరిక్ బైవాటర్స్ చూపించారు. రోజుకొకసారి, ఎక్కువగా సాయంత్రమో రాత్రో, జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ దాటి ఎగబాకి కొన్ని గంటల్లో దానంతటదే దిగిపోతుంది. జ్వరం ఎక్కిన వేళకే ఛాతీ, పొట్ట, భుజాలు, తొడల పైభాగం మీద లేత గులాబీ మచ్చలు తేలి, జ్వరం దిగగానే మాయమవుతాయి. దురద పెద్దగా ఉండదు. గొంతునొప్పి, మోకాళ్లు, మణికట్ల నొప్పి తోడవుతాయి. మిగతా కీళ్లవాతాల్లో, లూపస్‌లో చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్, ఏఎన్ఏ అనే రక్తపరీక్షలు సాధారణంగా నెగటివ్‌గా వస్తాయి, తెల్లకణాలు పెరుగుతాయి, రక్తంలో ఫెరిటిన్ అనే ప్రోటీన్ తరచుగా వేలల్లోకి వెళ్తుంది.

ఆసుపత్రుల్లో ఓపీ నడిచేది పొద్దున. పలమనేరు నుంచో, వెంకటగిరి నుంచో మొదటి బస్సెక్కి తిరుపతి చేరి, చీటీ తీసుకుని, వరుసలో కూర్చున్న రోగిని వైద్యుడు పరీక్షించే పదకొండు గంటల వేళకు ఒంటిమీద ఏమీ ఉండదు. ముందురోజు రాత్రి ఒళ్లంతా పూసిన మచ్చల గురించి మాటలతో చెప్పడమే మిగులుతుంది. చామనఛాయ మీద ఆ గులాబీ రంగు ఇంట్లోవాళ్ల కంటికే సరిగా ఆనదు. టైఫాయిడ్ అని ఒకచోట, వైరల్ జ్వరం అని మరోచోట యాంటీబయాటిక్స్ మారుతూ వారాలు గడిచిపోతాయి. జ్వరం ఎక్కిన వేళ సెల్‌ఫోనుతో తీసిన ఫొటో, థర్మామీటర్ అంకె, వాటి పక్కన సమయం ఉంటే వైద్యుడి ఆలోచన వేరే దారిలో సాగుతుంది. ఫొటోను ట్యూబ్‌లైటు కింద, ఫ్లాష్ లేకుండా, పక్కనున్న మామూలు చర్మం కూడా కనిపించేలా తీయాలి. ఈ జబ్బులో ఎక్కి దిగే జ్వరం ఒక్కసారిగా దిగకుండా నిలిచిపోయి, పెరిగి ఉన్న తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోవడం మొదలైతే అది రోగనిరోధక కణాలు అదుపు తప్పి ప్రాణం మీదికి తెచ్చే మాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్ కావచ్చు. అప్పుడు ఐసీయూ ఉన్న ఆసుపత్రికి అదే రోజు చేరాలి.

గంటల లెక్కతోనే తేలే మరొకటి ఒంటిమీద ఉబ్బుగా లేచే దద్దుర్లు (అర్టికేరియా). మామూలు దద్దురు ఒకచోట లేచినది 24 గంటల్లోపే అక్కడ అణగి మరోచోట లేస్తుంది, విపరీతంగా దురద పెడుతుంది, గుర్తు మిగల్చదు. అదే ఒకేచోట 24 గంటలు దాటి ఉండి, దురదకంటే మంట ఎక్కువగా పెట్టి, పోతూ పోతూ కమిలిన మచ్చ వదిలితే అక్కడి సన్నని రక్తనాళాలు వాచాయని అనుమానించాలి. దీన్ని ఇంట్లోనే పోల్చుకోవచ్చు. లేచిన దద్దురు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన వేళ రాసి, మర్నాడు అదే వేళకు చూడాలి. దద్దురు ఆ గీతలోపల అలాగే ఉంటే చర్మం ముక్క పరీక్ష, రక్తంలో సీ3, సీ4 అనే రోగనిరోధక ప్రోటీన్ల (కాంప్లిమెంట్ల) పరీక్ష అవసరమవుతాయి. ఆ రెండూ తగ్గి ఉంటే లూపస్ కోణంలో మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో కూడా చూడాలి.

తలనీలాలు ఇచ్చినప్పుడు బయటపడేది

సోరియాసిస్ ఉన్నవారిలో సుమారు 30 శాతం వరకు ఏదో ఒక దశలో కీళ్లవాతం వస్తుంది. చాలామందిలో చర్మం ముందు, కీళ్లు తర్వాత. కొద్దిమందిలో మాత్రం కీళ్లే ముందు వాస్తాయి. వీరికి మొదట్లో రుమటాయిడ్ అనే పేరు పడుతుంది. మరికొందరిలో సోరియాసిస్ ముందునుంచీ ఉన్నా అది చూడని చోట ఉంటుంది: జుట్టు కింద, చెవుల వెనక, బొడ్డులో, పిరుదుల మధ్య చీలికలో. కీళ్లనొప్పికి వచ్చిన రోగిని ఆ చోట్లు చూపించమని ఎవరూ అడగరు, రోగికి చెప్పాలని తోచదు. చుండ్రు అనుకుని ఏళ్ల తరబడి షాంపూలు మారుస్తూ ఉంటారు.

తిరుమలలో తలనీలాలు సమర్పించిన తర్వాత, జుట్టు చాటున ఉన్నది కనిపిస్తుంది: నెత్తి అంచు వెంబడి, చెవి పైభాగాన వెండి పొలుసులతో దళసరి పట్టీలు. చుండ్రు నూనె జిడ్డుతో పసుపురంగులో పలచగా రాలుతుంది. సోరియాసిస్ పొలుసు పొడిగా, తెల్లగా, పొరలు పొరలుగా లేస్తుంది, నుదుటి మీదికి ఒక వేలెడు దాటి వస్తుంది. గుండు చేయించుకున్న వారం, రెండు మూడు వారాల తర్వాత నెత్తిమీద కొత్త పట్టీలు పుట్టుకొచ్చినా ఆశ్చర్యం లేదు. సోరియాసిస్ ఉన్నవారిలో కొందరికి చర్మం గీసుకున్న చోటల్లా జబ్బు పుడుతుంది. కత్తి అంచు పడిన చోటా అంతే. దీన్ని అపచారంగానో, నీళ్లు మారిన దోషంగానో భావించి బాధపడేవారికి ఈ మాట చెప్పవలసిన అవసరం ఉంది. మొక్కు తీర్చుకోవడానికి జబ్బు అడ్డు కాదు; పట్టీలు బాగా రేగి ఉన్న రోజుల్లో వాయిదా వేసుకుని, పూతమందుతో అణిగాక వెళ్తే సరిపోతుంది.

గోళ్ల మీద సూదితో పొడిచినట్టు సన్నని గుంటలు, గోరు చివర పైకి లేచిపోవడం, ఒక వేలు మొత్తం మొదలునుంచి చివరదాకా ఉబ్బిపోవడం, వేలి చివరి కీలు వాచడం ఉంటే ఆ కీళ్లవాతం రుమటాయిడ్ కంటే సోరియాటిక్ అయ్యే అవకాశం ఎక్కువ. పేరు మారితే మందుల విషయంలో జాగ్రత్తలూ మారతాయి. నోటి ద్వారా వాడుతున్న స్టెరాయిడ్ మాత్రలను హఠాత్తుగా ఆపితే సోరియాసిస్ ఒళ్లంతా చీముపొక్కులుగా రేగే ప్రమాదం ఉంది. పేరు లేని పొట్లాల్లో అమ్మే కీళ్లనొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన ఉదంతాలు దేశంలో పలుమార్లు బయటపడ్డాయి. అలాంటి పొడిని ఆరునెలలు తిని మానేసిన మనిషికి ఒళ్లంతా పొక్కులు లేచినప్పుడు, తాను స్టెరాయిడ్ వాడిన సంగతే అతనికి తెలియదు. కేసు షీటులో కారణం తెలియదు అని పడేది ఇలాంటప్పుడే.

మందును అనుమానించే పద్ధతి

మందువల్ల వచ్చే దద్దుర్లు ఉన్నాయి, వాటిలో కొన్ని చాలా ప్రమాదకరం. అయితే నిందితుణ్ని ఎంచుకోవడంలోనే పొరపాటు జరుగుతుంది. మూడేళ్లుగా వాడుతున్న మందు ఇవాళ దద్దురు తెప్పించడం అరుదు. మూడు వారాల కిందట మొదలైనదాన్ని ముందు అనుమానించాలి. ఒంటిమీద చిన్నచిన్న మచ్చలుగా వచ్చే మామూలు మందు దద్దుర్లు మొదటి మోతాదు తర్వాత సుమారు 4 నుంచి 14 రోజుల్లో వస్తాయి. చర్మం, నోరు, కళ్లు పొరలుగా ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ ఎక్కువగా 4 నుంచి 28 రోజుల మధ్య వస్తుంది. జ్వరం, ముఖం వాపు, మెడలో గడ్డలు, కాలేయం దెబ్బతినడంతో కూడిన డ్రెస్ అనే ప్రతిచర్య 2 నుంచి 8 వారాలు పడుతుంది. నెలరోజులు హాయిగా పడిన మందు కదా, ఇది కారణం కాదులే అని వదిలేసే మందే డ్రెస్‌లో దోషి అవుతుంది. కీళ్లవాతానికి వాడే సల్ఫాసలజైన్ ఈ విషయంలో పేరుమోసినది. దాన్ని మొదలుపెట్టిన తొలి రెండు నెలల్లో జ్వరంతోపాటు దద్దుర్లు వచ్చి, ముఖం ఉబ్బితే మరుసటి మోతాదు వేసుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మెథోట్రెక్సేట్ మీద ఉన్నన్ని అపవాదులు వేరే ఏ కీళ్లమందు మీదా లేవు. నిజానికి వారానికొకసారి, సరైన మోతాదులో, ఫోలిక్ యాసిడ్‌తో కలిపి వాడితే అది చర్మానికి అంత కీడు చేసేది కాదు. సోరియాసిస్‌కు అదే మందు. చిక్కంతా వారానికొకసారి వేసుకోవలసినదాన్ని రోజూ వేసుకున్నప్పుడు. మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ రెండూ చిన్న పసుపు మాత్రలుగా ఉండవచ్చు; కళ్లజోడు లేకుండా మాత్ర తీసుకునే పెద్దవాళ్లకు ఒకటి మరొకటిగా పొరపడటం సులువు. ముందు నోటిలో పుండ్లు పడతాయి, కారం తగిలితే భరించలేరు, తర్వాత సోరియాసిస్ పట్టీలు ఉన్నచోట చర్మం చితికి పుండవుతుంది, రక్తకణాలు పడిపోతాయి. ఇది అలర్జీ కాదు, మోతాదు మించిన విషప్రభావం. ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడు ఉంది, ఆలస్యం కాకుండా ఇవ్వాలి. మూత్రంలో మంటకో, దగ్గుకో కోట్రైమాక్సజోల్ అనే సల్ఫా యాంటీబయాటిక్‌ను మెథోట్రెక్సేట్ వాడుతున్న మనిషికి ఇచ్చినా ఇదే ప్రమాదం ముంచుకొస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు చీటీ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయడం, రెండు మాత్రలనూ వేర్వేరు డబ్బాల్లో పెట్టడం ఖర్చులేని జాగ్రత్తలు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ల తరబడి వాడినవారికి ముంగాళ్ల మీద, చిగుళ్ల మీద నీలిమ కలిసిన నలుపు పట్టవచ్చు. అది కమిలినట్టు కనిపించినా నొప్పి ఉండదు, ప్రమాదకరం కాదు. లెఫ్లునమైడ్ విషయంలో తెలియవలసింది వేరు: ఆపిన తర్వాత కూడా ఒంట్లో చాలా నెలలు, కొందరిలో రెండేళ్ల వరకు మిగిలి ఉంటుంది. మందు మానేసినా దద్దుర్లు తగ్గలేదు కాబట్టి దాని తప్పు లేదు అనే తర్కం ఇక్కడ చెల్లదు. తీవ్రమైన ప్రతిచర్య అయితే కొలెస్టిరమైన్ ఇచ్చి దాన్ని ఒంట్లోంచి బయటికి పంపుతారు.

వాపును పెంచే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు సోరియాసిస్‌ను తగ్గిస్తాయి. అవే ఇంజెక్షన్లు రుమటాయిడ్‌కు తీసుకుంటున్న కొందరిలో, ముఖ్యంగా అరచేతులు, అరికాళ్లలో చీముపొక్కులతో కొత్తగా సోరియాసిస్ పుట్టిస్తాయి. మన దేశంలో 2014 చివరి నుంచి దేశీయంగా తయారైన అడాలిముమాబ్ అనే ఈ రకం ఇంజెక్షన్ దొరుకుతుండటంతో ఈ ఇంజెక్షన్లు జిల్లా కేంద్రాల దాకా వచ్చాయి; వాటితోపాటు ఈ విడ్డూరమైన దద్దురూ వచ్చింది. కీళ్లవాతానికి వాడే టోఫాసిటినిబ్ వంటి మాత్రలతో సర్పి వచ్చే అవకాశం పెరుగుతుంది. ఒంటికి ఒకవైపే, నడుము చుట్టూనో ఛాతీ చుట్టూనో పట్టీలా నీటిపొక్కులు లేచి, వాటికి రెండు మూడు రోజుల ముందునుంచే అక్కడ మంట, నొప్పి ఉంటే అది సర్పే. యాంటీవైరల్ మాత్రలు మొదటి 72 గంటల్లో మొదలుపెడితేనే పూర్తి ప్రయోజనం. పసరు పూయించుకుంటూ వారం గడిపితే ఆ అవకాశం పోతుంది.

కీళ్లమందుల మీద నింద పడి, అసలు దోషి తప్పించుకునే సందర్భం మరొకటుంది. నొప్పి భరించలేక మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పిమాత్ర చీటీలో ఉండదు, రోగి దాన్ని మందుగానే లెక్కించడు. పెదవి మీదో, మర్మాంగం మీదో, తొడ మీదో గుండ్రని ఊదా మచ్చ లేచి, తగ్గి, మళ్లీ కొన్ని నెలలకు సరిగ్గా అదే చోట లేస్తే, ఆ రెండుసార్లూ ముందురోజు ఏ నొప్పిమాత్ర మింగారో గుర్తుచేసుకోవాలి. ఒకే చోట తిరిగి తిరిగి వచ్చే ఈ మచ్చ మందు చేసిన సంతకం లాంటిది. వేరే కారణం వెతకాల్సిన పని దాదాపు ఉండదు.

పిక్కల మీద మచ్చలు, అలిపిరి మెట్లు

పదేళ్లకు పైగా రుమటాయిడ్ ఉండి, మోచేతుల దగ్గర గట్టి గడ్డలు ఉండి, పరీక్షల్లో రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఎక్కువగా ఉన్నవారికి, మరీ ముఖ్యంగా పొగతాగే అలవాటు ఉంటే, జబ్బు రక్తనాళాలకు పాకవచ్చు. పిక్కల మీద వేలికి తగిలేలా ఉబ్బిన ఊదా మచ్చలు, గోళ్ల అంచున సన్నని నల్లని చీలికలు, చీలమండ దగ్గర లోతైన నొప్పిపుండు, ఉన్నట్టుండి పాదం ఎత్తలేకపోవడం దాని గుర్తులు. మచ్చ మీద గాజుగ్లాసుతో ఒత్తితే మామూలు దద్దురు రంగు పోతుంది. రక్తం చిమ్మిన మచ్చ పోదు. మంచి మందులు వచ్చాక ఈ దశ దాకా వెళ్లేవారు తగ్గారు, కానీ మందులు మధ్యలో మానేసేవారిలో ఆ ముప్పు అలాగే ఉంది.

అయితే ఇవే మచ్చలు జబ్బుతో సంబంధం లేకుండానూ వస్తాయి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్ల దారి. ఎండాకాలంలో ఆ దారి ఎక్కిన యాభై దాటిన ఆడవాళ్లలో, పూర్తి ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా, కొందరికి చీలమండ పైనుంచి పిక్క వరకు ఎర్రగానో ఊదాగానో మచ్చలు లేచి మంట పెడతాయి. వేడిలో ఎక్కువసేపు నడవడం వల్ల కాళ్లలో రక్తం నిలిచి సన్నని నాళాలు వాచడమే దీనికి కారణం. సాక్సు పట్టీ బిగువుగా ఉన్న మేర చర్మం మామూలుగా ఉండి, దాని పైభాగాన మాత్రమే మచ్చలు ఉంటాయి. వారం పది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. కీళ్లవాత రోగికి నడకదారి తర్వాత ఇలా వస్తే, గోళ్లు, పాదం కదలిక, మూత్ర పరీక్ష మామూలుగా ఉంటే కొద్దిరోజులు ఆగి చూడవచ్చు. నడక లేకుండా వచ్చినా, పది రోజులు దాటినా, పుండుగా మారినా ఆగకూడదు.

జబ్బూ కాదు, మందూ కాదు

ఈ ప్రాంతపు నేలకు, పంటలకు, ఇంటివైద్యాలకు సంబంధించిన దద్దుర్లు వేరే ఉన్నాయి, వాటిని బయటినుంచి వచ్చిన వైద్యులు గుర్తుపట్టక ఇబ్బంది పడతారు. చిత్తూరు తోటల్లో తోతాపురి కోతల కాలంలో కాయ తొడిమ తెంచినచోట చిమ్మే సొన చర్మం మీద పడితే పొక్కి, నల్లగా మాడినట్టవుతుంది. కోతకు వెళ్లిన, పల్ప్ ఫ్యాక్టరీకి కాయలు ఎక్కించిన కీళ్లవాత రోగి ముంజేతుల మీద చారలుచారలుగా వచ్చిన పొక్కులను చూసి మాత్రలు ఆపనక్కర్లేదు. మామిడి, జీడిమామిడి, నల్లజీడి ఒకే కుటుంబపు చెట్లు. కీళ్లనొప్పికి నల్లజీడి గింజ నూనె రాసుకునే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. దాని రసం తగిలిన చోటే కాక, చెయ్యి తగిలిన ముఖం, కళ్లు కూడా బాగా ఉబ్బుతాయి. మోకాలికి జిల్లేడాకు వెచ్చజేసి కట్టడం కూడా అంతే. పాలు తగిలినచోట కాలిన గాయంలా పొక్కుతుంది. రోగి ఈ సంగతి తనంతట తాను చెప్పడు, ఎందుకంటే చెబితే వైద్యుడు కోప్పడతాడన్న భయం. కోప్పడకుండా అడగడం చికిత్సలో భాగమే.

వానల తర్వాత పొలంగట్ల మీద, ఖాళీ స్థలాల్లో తెల్లగా పూసే వయ్యారిభామ గాలిలో కలిసి తెప్పించే చర్మవ్యాధిని లూపస్ నుంచి వేరుచేయడం కొంచెం కష్టమే. రెండూ ముఖం, మెడ, ముంజేతుల మీదే వస్తాయి. లూపస్ మచ్చ రెండు బుగ్గల మీదుగా ముక్కు వంతెన దాటి వ్యాపిస్తుంది, ముక్కు పక్క నుంచి పెదవి మూలకు దిగే గాడిలోకి రాదు, దురద తక్కువ. వయ్యారిభామ పడనివారికి కనురెప్పలు, చెవుల వెనక, గడ్డం కింద, మోచేతి మడతల్లో, అంటే ఎండ తగలని చాటులో కూడా వస్తుంది, దురద నిద్ర పట్టనివ్వదు. చేతివేళ్ల మీద చూస్తే మరో తేడా దొరుకుతుంది: లూపస్ మచ్చలు కణుపుల మధ్య చర్మం మీద, చర్మం, కండరాలు వాచే డెర్మటోమయోసైటిస్ అనే జబ్బు మచ్చలు సరిగ్గా కణుపుల పైన ఉంటాయి. రెండోదానిలో కుర్చీలోంచి లేవలేనంతగా తొడ కండరాలు బలహీనపడతాయి.

రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి తామర ఒంటిమీద విస్తరించడం ఇప్పుడు ఎక్కువగా కనబడుతోంది. దానికి తోడు షాపుల్లో అడగ్గానే ఇచ్చే మూడు నాలుగు మందులు కలిపిన పూతమందుల్లో క్లోబెటసోల్ వంటి ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండు రోజులు దురద తగ్గి, ఆపగానే రెట్టింపై, తామర గుండ్రని ఆకారమే చెరిగిపోయి గుర్తుపట్టలేనిదిగా మారుతుంది. గీకిన పొలుసును పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే నిమిషాల్లో తేలే విషయమిది.

చికున్‌గున్యాను కూడా మరిచిపోకూడదు. 2005 చివర్లో, 2006లో రాయలసీమ పల్లెలను మంచాన పడేసిన ఆ జ్వరం కీళ్లనొప్పుల్ని నెలల తరబడి మిగిల్చింది. జ్వరంతోపాటు దద్దుర్లు, ఆ తర్వాత ముక్కు మీద నలుపు దాని గుర్తులు. ఇప్పటికే రుమటాయిడ్ ఉన్నవారికి అది సోకితే, జబ్బు రేగిందనుకుని మోతాదు పెంచేముందు ఇంట్లో మిగతావారికి కూడా జ్వరం వచ్చిందా అని అడగాలి.

వీటన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించేది కుష్ఠు. నరాలకు, చర్మానికి వచ్చే జబ్బుగానే దాన్ని తలుస్తారు. కానీ కుష్ఠులో వచ్చే ప్రతిచర్యల్లో చేతుల కీళ్లు అచ్చం రుమటాయిడ్‌లో లాగే వాస్తాయి, కాళ్లూ చేతులూ ఉబ్బుతాయి, నొప్పిగల ఎర్రని కణుతులు లేస్తాయి. రుమటాయిడ్ ఫ్యాక్టర్ కూడా పాజిటివ్‌గా రావచ్చు. స్టెరాయిడ్‌తో కీళ్లు, కణుతులు రెండూ అణిగి, రోగ నిర్ధారణ సరైనదే అన్న భ్రమ కలుగుతుంది. లోపల క్రిమి పెరుగుతూనే ఉంటుంది. మచ్చ మీద దూదిపోగుతో తాకి స్పర్శ తెలుస్తోందా అని అడగడం, మోచేతి వెనక నరం తాడులా దళసరిగా ఉందేమో వేళ్లతో తడిమి చూడడం, రెండూ కలిపి ఒక నిమిషం పని. కుష్ఠుకు బహుళ ఔషధ చికిత్స ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతుంది. కీళ్లవాతం అని ఏళ్ల తరబడి ముద్రపడినవారికి సైతం ఒకసారి ఈ పరీక్ష చేయాలి. ఆ పేరు వింటేనే కుటుంబం కుంగిపోతుందన్న మొహమాటంతో దాన్ని ఆలోచించకపోవడం రోగికి చేసే అన్యాయం.

ముక్క పరీక్ష, మళ్లీ మొదలుపెట్టడం

ఇవేవీ కాదన్నాక మిగిలేది చర్మం ముక్క పరీక్ష. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు గుండ్రని ముక్క, స్థానికంగా మత్తిచ్చి, ఒకటి రెండు కుట్లతో అయిపోతుంది. ఇక్కడా కాలమే ముఖ్యం. రక్తనాళాల వాపు అనుమానమైతే పుట్టి 24 నుంచి 48 గంటలైన మచ్చను తీయాలి. వారం పాతదాంట్లో ఆనవాళ్లు చెరిగిపోతాయి. చర్మంలో చేరిన యాంటీబాడీలను మెరిసే రంగుతో చూపే ఇమ్యూనోఫ్లోరెసెన్స్ పరీక్షకు వేరే ముక్క కావాలి, దాన్ని ఫార్మలిన్‌లో వేయకూడదు. రుయా వంటి బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం, స్విమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులు తిరుపతిలోనే ఉన్నాయి. చిత్తూరువాసులకు సీఎంసీ ఆసుపత్రి ఉన్న రాయవేలూరు గంట ప్రయాణం. కొత్త మచ్చ లేచిన రోజే వెళ్లగలిగితే ఆ దగ్గరితనం ఉపయోగపడుతుంది. మచ్చలు పోయాక తేదీ దొరికిన రోజున వెళ్తే మళ్లీ మాటలే మిగులుతాయి.

నోట్లో, కళ్లలో, మర్మాంగాల వద్ద పుండ్లు, చర్మం తాకితేనే నొప్పి, నీటిబొబ్బలు, ముఖం వాపు, జ్వరం కలిసి వస్తే మాత్రం కొత్తగా మొదలైన మందును వెంటనే ఆపి అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఆ గుర్తులు లేని దద్దురుకు అన్ని మందులూ ఒకేసారి ఆపడం రెండు విధాల చెరుపు. కీళ్లు రేగుతాయి, ఏ మందువల్ల వచ్చిందో ఎప్పటికీ తెలియదు. వైద్యుడు సాధారణంగా అన్నిటికంటే కొత్త మందును ముందు ఆపి, దద్దురు పూర్తిగా తగ్గాక మిగిలినవాటిని ఒక్కొక్కటిగా, వ్యవధి ఇచ్చి తిరిగి మొదలుపెడతాడు. స్టీవెన్స్ జాన్సన్, డ్రెస్ తెప్పించిన మందును మాత్రం పరీక్ష కోసమైనా మళ్లీ ఇవ్వకూడదు. దాని పేరు, తేదీ, ఏమైందన్న వివరం రోగి దగ్గరుండే పుస్తకం మొదటి పేజీలో రాయాలి; దానికి దగ్గరి రకం మందుల పేర్లు కూడా. సల్ఫాసలజైన్ వల్ల డ్రెస్ వచ్చిన మనిషికి రేపు జ్వరానికి ఏ ఊళ్లోనైనా కోట్రైమాక్సజోల్ రాస్తే, రెండింటి పేర్లు వేరైనా, రెండూ సల్ఫా మందులే కాబట్టి ఒళ్లు వాటిని ఒక్కటిగానే చూస్తుంది.